హైదరాబాద్‌లో అస్మాన్‌గఢ్ గుట్ట మీది నల్లరాతి సమాధి ఎవరిది?

ప్రశ్న: సిలువా లేదు, పేరూ లేదు. నల్లరాతి స్తంభం మీద ‘జే’, ‘ఆర్’ అనే ఇంగ్లిష్ అక్షరాలే ఉన్నాయి. ఎవరిదండీ?

అది మిషెల్ జొవాషిం రేమాఁ (రేమండ్) అనే ఆయనది. ఫ్రాన్స్‌లో ఒక వర్తకుడి కొడుకు. 1775లో తానూ వ్యాపారం చేసుకుందామనే పుదుచ్చేరి వచ్చాడు. తర్వాత సైన్యంలో చేరి, చివరికి రెండో నిజాం కొలువుకు చేరాడు.

నాకు ఆయన యుద్ధాలకన్నా ఆయన ఇక్కడ పెట్టిన ఫిరంగుల కార్ఖానా ముఖ్యం అనిపిస్తుంది. ఇటుక గోడల మధ్య కంచు, ఇనుము కరిగించి మూసల్లో పోసి ఫిరంగులు తయారుచేసేవాళ్లు. ‘తోప్ కా సాంచా’ అంటే ఫిరంగి మూస అనే అర్థం. అబిడ్స్ పక్కన మనం రోజూ బస్సు దిగే గన్‌ఫౌండ్రీ పేరు అక్కణ్నుంచి వచ్చిందే.

జనం ఆయన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే, ముస్లింలకు మూసా రహీం, హిందువులకు మూసా రామ్ అయ్యాడు. మూసారాంబాగ్ ఆ పేరే. 1798 మార్చిలో పోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఆంగ్లేయులు ఆయన నడిపిన సైనిక దళాన్ని నిరాయుధం చేశారు. సమాధి దగ్గర ఏటా ఉర్సులా అగరొత్తులు వెలిగించేవాళ్లు. వెళ్తే సాయంత్రం వెళ్లండి, ఎండ వాలాక ఆ రెండు అక్షరాలు బాగా కనబడతాయి.