టెక్ సందేహాలు: టిక్కు పెట్టినా కదలని స్లైడర్

ప్రశ్న: నాన్నగారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది. రైతులు సరుకు వివరాలు ముందే పంపడానికి నేనొక వెబ్ పేజీ తయారుచేస్తున్నాను. ‘కోల్డ్ స్టోరేజీలో పెట్టాలి’ అనే చోట టిక్కు పెడితేనే, ఎన్ని టిక్కీలో (మిర్చి బస్తాలో) చెప్పే స్లైడర్ (అటూ ఇటూ జరిపే మీట) కదలాలి. టిక్కు తీసేస్తే ఆగిపోవాలి. కోడ్‌లో డిజేబుల్డ్ ఈక్వల్ టు ఫాల్స్ (అంటే ‘ఆపొద్దు’) అని రాసినా అది కదలడం లేదు. తప్పెక్కడుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ ఆలోచన సరిగ్గానే ఉందమ్మా. తంటా అంతా ఆ ఫాల్స్‌తోనే. పేజీని కట్టే భాష హెచ్‌టీఎంఎల్‌లో డిజేబుల్డ్ అనే మాట ట్యాగులో ఉందా, లేదా అన్నదే లెక్క. దాని పక్కన ట్రూ రాసినా, ఫాల్స్ రాసినా, ఏమీ రాయకపోయినా బ్రౌజర్‌కు ఒకటే. మాట కనబడితే చాలు, స్లైడర్‌ను ఆపేస్తుంది. పేజీని నడిపించే జావాస్క్రిప్ట్ కోడ్‌లో సెట్ఆట్రిబ్యూట్‌తో ఫాల్స్ ఇచ్చినా ఇదే జరుగుతుంది. అలా పెట్టినదాన్ని రిమూవ్ఆట్రిబ్యూట్‌తో పూర్తిగా తీసేయాలి.

అంతకన్నా తేలిక దారి ఉంది. జావాస్క్రిప్ట్‌లో స్లైడర్‌కు డిజేబుల్డ్ అనే ప్రాపర్టీ ఉంటుంది. దానికి ఫాల్స్ ఇస్తే స్లైడర్ నిజంగానే కదులుతుంది. కాకపోతే ఆ ఫాల్స్‌కు కొటేషన్లు పెట్టకూడదు. పెడితే అది ఉత్త అక్షరాల మాట అవుతుంది, ఖాళీ కాని ఏ మాటనైనా జావాస్క్రిప్ట్ ట్రూ కిందే లెక్కేస్తుంది. మీరు రాయాల్సింది ఒక్క లైనే: చెక్‌బాక్స్ ఛేంజ్ ఈవెంట్‌లో, స్లైడర్ డిజేబుల్డ్ ప్రాపర్టీకి చెక్‌బాక్స్ చెక్డ్ విలువను, ముందు ఆశ్చర్యార్థకం గుర్తు (అది విలువను తిరగేస్తుంది) పెట్టి ఇవ్వండి. టిక్కు ఉంటే కదులుతుంది, లేకపోతే ఆగుతుంది. జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడుతుంటే ఆట్ర్ బదులు ప్రాప్ రాయండి, 1.6 వెర్షన్ నుంచి ఇలాంటి పనులకు అదే సరైన పద్ధతి. జేక్వెరీ యూఐ స్లైడరైతే దారి వేరు. అది మామూలు ఇన్‌పుట్ కాదు, డివ్ అనే ఖాళీ పెట్టె ట్యాగుతో కట్టింది. స్లైడర్ ఫంక్షన్‌నే పిలిచి డిజేబుల్ అనో, ఎనేబుల్ అనో చెప్పాలి.

ఈ లైనును ఛేంజ్ ఈవెంట్‌లోనే కాకుండా పేజీ తెరుచుకోగానే కూడా ఒకసారి నడపండి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ రీలోడ్ చేస్తే పాత టిక్కు అలాగే ఉండిపోవచ్చు. అప్పుడు టిక్కు ఉన్నా స్లైడర్ ఆగిపోయి కనబడొచ్చు.

ఇక మీరు అడగకపోయినా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. డిజేబుల్ అయిన స్లైడర్ విలువ ఫారంతో పాటు సర్వర్‌కు వెళ్లదు. మీ విషయంలో అది మంచిదే, కోల్డ్ స్టోరేజీ వద్దన్న రైతు పేరిట టిక్కీల లెక్క రాకూడదు కదా. విలువ వెళ్లాలి కానీ కదలకూడదు అనుకునేవాళ్లు రీడ్ఓన్లీ (చూడటానికే, మార్చడానికి కాదు) ప్రయత్నిస్తుంటారు. రేంజ్ స్లైడర్‌కు అది పనిచేయదు. అలాంటప్పుడు అదే విలువను తెర మీద కనబడని ఒక హిడెన్ ఇన్‌పుట్‌లో పెట్టి పంపాలి. పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో పాయింటర్ ఈవెంట్స్ ఆపేస్తే సరిపోతుందని కూడా కొందరు అనుకుంటారు. దాంతో మౌస్, వేలు మాత్రమే ఆగుతాయి. ట్యాబ్ కొట్టి బాణం మీటలు నొక్కితే స్లైడర్ చక్కగా కదులుతుంది.

విలువ మీరు ఇవ్వకపోతే స్లైడర్ సగంలో నిలబడుతుంది. 0 నుంచి 100 వరకు ఉంటే 50 దగ్గరన్నమాట. టిక్కు పెట్టని రైతుకు 50 టిక్కీలు తన పేరిట ఎవరో రాసేసినట్టు కనబడుతుంది, ఊరికే టెన్షన్. మొదటి విలువ 0 ఇవ్వండి. స్లైడర్ పక్కన అంకె కనబడేలా పెట్టండి, దాన్ని టైపు చేసే వీలూ ఇవ్వండి. 37 దగ్గర ఆపాలంటే బొటనవేలితో ఫోన్ మీద ఎంత అవస్థో ఒకసారి జరిపి చూడండి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది వేరే ఉంది. ఆగిపోయిన స్లైడర్ బూడిద రంగులోకి మారుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. యార్డులో మిట్టమధ్యాహ్నం ఎండలో, ఘాటుకు కళ్లు మండుతుండగా ఫోన్ చూసే మనిషికి ఆ రంగు తేడా ఏం తెలుస్తుంది? రెండుసార్లు జరిపి చూసి, పేజీ పాడైందనుకుని మూసేస్తాడు. స్లైడర్ కిందే ‘పైన టిక్కు పెడితే ఇది కదులుతుంది’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. టిక్కు పెట్టగానే ఆ వాక్యం పోవాలి. మీరు కోడ్‌కు పెట్టిన శ్రమకు ఫలితం దక్కేది ఆ వాక్యంతోనే.

సర్వర్ వైపు కూడా తనిఖీ ఉంచండి. బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్ తెరిచి డిజేబుల్డ్ మాట చెరిపేయడం క్షణం పని.

ప్రశ్న: డెస్క్‌టాప్‌లో విండోస్ బ్రైట్‌నెస్ స్లైడర్ కనబడటం లేదు. మా బంధువుల ల్యాప్‌టాప్‌లో ఉంది. వైరస్సా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వైరస్ కాదండీ. ఆ స్లైడర్ ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లకు ఉండే సొంత తెర కోసం. విడి మానిటర్‌కైతే దాని కిందో, వెనకో ఉన్న బటన్లతో వెలుగు తగ్గించుకోవాలి. ల్యాప్‌టాప్‌లోనే అది మాయమైతే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి చూడాలి. మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరను నడిపే సాఫ్ట్‌వేర్) పడలేదని అర్థం. మోడల్ నంబరు చూసుకుని ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే దాన్ని దించుకోవాలి.