అలసంద పక్కన తోటకూర: ఏ సాలుకు ఎంత ఎరువు?

ప్రశ్న: అలసంద సాళ్ల మధ్య తోటకూర, పాలకూర వేస్తున్నాం. పప్పుజాతి పైరు నేలకు నత్రజని ఇస్తుందంటారు కదా, ఆకుకూరకు మళ్లీ యూరియా ఎందుకు?

జవాబు: కావాల్సిందే. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలి నుంచి పట్టిన నత్రజనిని చాలావరకు అలసందే వాడుకుంటుంది. పైరు పచ్చగా ఉన్నంతకాలం పక్క సాలుకు అందేది బహు స్వల్పం. వేళ్లు, బుడిపెలు, రాలిన ఆకు కుళ్లాకే అది నేలలో కలుస్తుంది. అంటే ఆ లాభం తర్వాతి పంటది. పైగా బుడిపెలు బాగా పని అందుకునేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది, తోటకూర అప్పటికే కోతకు వచ్చేస్తుంది. అందుకే మడి ఒకటే అయినా ఎరువు సాలుకు సాలుకు వేరుగా పెట్టాలి.

ప్రశ్న: అయితే ఏది, ఎంత, ఎలా వేయాలి?

జవాబు: నేల పరీక్ష చేయించి ఉంటే ఆ ఫలితం ప్రకారమే వేయండి. లేకపోతే మధ్యరకం నేలకు ఈ లెక్క సరిపోతుంది. ఆఖరి దుక్కిలో మడి మొత్తానికి, ప్రతి 10 చదరపు మీటర్లకు, బాగా మాగిన పశువుల ఎరువు 20 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 300 గ్రాములు, మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ 80 గ్రాములు కలిపి దున్నండి. భాస్వరం చాలకపోతే బుడిపెలు సరిగా కట్టవు, కాబట్టి సూపర్‌ను తగ్గించొద్దు. దాంతో గంధకం, కాల్షియం కూడా అందుతాయి.

అలసందకు యూరియా విత్తేటప్పుడు ఒక్కసారే, 10 చదరపు మీటర్లకు 40 గ్రాములు. పశువుల ఎరువు దండిగా పడిన నేలలో అదీ అక్కర్లేదు. 300 గ్రాముల సూపర్ బదులు 100 గ్రాముల డి.ఎ.పి. (డై అమ్మోనియం ఫాస్ఫేట్) వేస్తే అందులోనే 18 గ్రాముల నత్రజని ఉంటుంది. అది 40 గ్రాముల యూరియాతో సమానం, కాబట్టి అలసంద సాలుకు విడిగా యూరియా వేయకండి.

ఆకుకూరకు 10 చదరపు మీటర్లకు 150 గ్రాముల యూరియాను మూడు సమభాగాలు చేసి విత్తేటప్పుడు, రెండు వారాలకు, మొదటి కోత అయ్యాక వేయండి. చాలామంది పొరపడేది ఇక్కడే: మడి విస్తీర్ణమంతా లెక్కలోకి తీసుకుంటారు. ఆకుకూర సాళ్లు ఆక్రమించిన చోటు మాత్రమే కొలవాలి.

అలసందకు దూరంగా ఉన్న వైపున, ఆకుకూర మొదలుకు 5 సెంటీమీటర్ల ఎడంగా వేలెడు లోతు గాడి తీసి, యూరియా చల్లి, మట్టి కప్పి, పలుచగా తడి ఇవ్వండి. పైనే వదిలేస్తే, ముఖ్యంగా ఎండలో, క్షార నేలల్లో, అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది. నీరు ఎక్కువైతే కరిగి అలసంద వేళ్లకు చేరుతుంది. ఆకులు తడిగా ఉన్నప్పుడు చల్లితే గుళికలు అంటుకుని ఆకు మాడుతుంది.

ప్రశ్న: అలసంద ముదురు పచ్చగా గుబురుగా ఉంది, పూత లేదు. ఎందుకని?

జవాబు: చాలావరకు నత్రజని ఎక్కువైన లక్షణమే. పక్క సాలుకు వేసిన యూరియా దీనికి చేరి ఉండొచ్చు. మట్టిలో నత్రజని సులువుగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. నిర్ధారించుకోవడానికి ఒక మొక్కను గడ్డపారతో మట్టిగడ్డతో సహా లేపండి. పీకితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. నీళ్లలో కడిగి, ఒక బుడిపెను బ్లేడుతో కోయండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే అది పనిచేస్తోంది. తెల్లగా, బూడిదగా, ఆకుపచ్చగా ఉంటే పనిచేయడం లేదు. బుడిపె గోటితో గీరితే ఊడొస్తుంది. ఊడకుండా వేరు భాగమే ఉబ్బి ఉంటే అది నులిపురుగుల కణితి, దానికి ఎరువుతో సంబంధం లేదు.

బుడిపెలు లేక ఆకు కూడా పాలిపోతే సంగతి వేరు. నేలలో తగిన రైజోబియం లేకపోవచ్చు, నేల పులుపెక్కి ఉదజని సూచిక (పి.హెచ్.) 5.5 కన్నా తక్కువ ఉండొచ్చు. ఈ పంటకు కాస్త యూరియా ఇచ్చి గట్టెక్కించండి. వచ్చేసారి 8 నుంచి 10 కిలోల విత్తనానికి 200 గ్రాముల రైజోబియం కల్చర్‌ను (ఆ బ్యాక్టీరియా ఉన్న మందును) చల్లారిన బెల్లం పాకంతో పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తండి. శిలీంద్రనాశని వాడేట్టయితే అది ముందు, కల్చర్ చివర. కల్చర్ పట్టించిన విత్తనాన్ని ఎరువుతో కలపకండి.

ప్రశ్న: మెంతికూరకూ ఇదే మోతాదా?

జవాబు: కాదు. మెంతి కూడా పప్పుజాతి మొక్కే, దానికీ బుడిపెలు కడతాయి. అలసందకు ఇచ్చినంతే ఇవ్వండి. దాని రైజోబియం రకం వేరు కనుక, అలసంద కల్చర్ దీనికి పనికిరాదు.

ప్రశ్న: యూరియా వేశాక ఆకుకూర ఎన్నాళ్లకు కోయొచ్చు?

జవాబు: కనీసం వారం ఆగండి. మబ్బు పట్టి ఉంటే ఇంకో రెండు మూడు రోజులు. వెలుతురు తక్కువైతే ఆకులో నైట్రేట్ (మొక్క ఇంకా వాడుకోని నత్రజని) పేరుకుంటుంది కనుక ఉదయం కన్నా సాయంత్రం కోత మేలు. మోతాదు మించితే పేనుబంక కూడా త్వరగా పడుతుంది. పచ్చి పేడనీళ్లు మాత్రం ఆకుకూర మీద పోయవద్దు, రోగకారక క్రిములు ఆకుతోపాటు వంటింట్లోకి వస్తాయి.