మూడేళ్ల పోస్టింగ్‌లో దొరికిన స్నేహాలు నిలుస్తాయా?

మీ ఆయనకు అమెరికా ఆర్మీలో జర్మనీ పోస్టింగ్ వచ్చిందని, మూడేళ్లకు మళ్లీ సామాను సర్దుకోవాల్సిన చోట స్నేహాలు పెంచుకోవడం ఎందుకని అడిగారు. 2009లో నేను కూడా అచ్చం ఇలాగే అనుకుని బవేరియాలోని విల్సెక్‌లో దిగాను. మొదటి నాలుగైదు నెలలు ఎవరితోనూ కలవలేదు. అవి వృథాగా పోయాయని ఇప్పటికీ బాధపడతాను.

నేను మొదట పక్కింటి తలుపు తట్టింది డ్రైవింగ్ పరీక్ష కోసం. అక్కడ అమెరికా లైసెన్సు ఒక్కటీ ఉంటే చాలదు, ఆర్మీ పెట్టే రాతపరీక్ష పాసై వాళ్లిచ్చే లైసెన్సు కూడా తీసుకోవాలి. బోర్డులేవీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలన్న రూలు దగ్గర తడబడి మొదటిసారి తప్పాను. పక్కింట్లో ఉండేది టెక్సస్ ఆవిడ, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. వంటింటి బల్ల మీద పిల్లల బొమ్మకార్లు పెట్టి ఆ రూలు నేర్పింది. రెండు వారాల తర్వాత తనే మా ఇంటికి ఒక కాగితం తెచ్చింది. అది వాళ్లబ్బాయి స్కూలు ఫారం. తల్లిదండ్రులు దొరక్కపోతే ఎవరికి ఫోన్ చేయాలి అని అందులో ఒక గడి ఉంటుంది. మన ఊళ్లో అయితే అక్కడ పిన్ని పేరో మామయ్య పేరో రాసేస్తాం. సముద్రం దాటి వచ్చినవాళ్లకు ఆ గడిలో రాయడానికి పేరుండదు. "నీ నంబర్ రాయనా?" అని అడిగింది. మా స్నేహం ఆరోజే మొదలైందని నేను లెక్కేసుకుంటాను.

అక్కడ స్నేహం అవసరంతో మొదలవుతుంది, ఇష్టం తర్వాత వస్తుంది. అందులో చిన్నతనం ఏమీ లేదు.

2010 వేసవిలో మా వాళ్ల రెజిమెంట్, రెండో స్ట్రైకర్ కావల్రీ, ఏడాది పాటు అఫ్ఘానిస్థాన్ వెళ్లింది. ఈ భాగం మీకు వివరంగా చెప్పాలి. యూనిట్‌లో ఎవరైనా చనిపోతే, ఆ కుటుంబానికి అధికారికంగా చెప్పేవరకు అక్కడి ఫోన్లు, ఇంటర్నెట్ ఆపేస్తారు. ఆ వార్త ఇంటివాళ్లకు ఫేస్‌బుక్‌లోనో వేరేవాళ్ల నోటనో తెలియకూడదని. కారణం మంచిదే. కానీ రోజూ వచ్చే మెసేజ్ రాలేదంటే, పక్కింట్లోనూ రాలేదంటే, మాకు విషయం అర్థమైపోయేది. ఎవరు అన్నది మాత్రం తెలిసేది కాదు. చెప్పడానికి వచ్చేవాళ్లు యూనిఫాంలో నేరుగా ఇంటికే వస్తారు. అందుకని మేమంతా ఒక మాట అనుకున్నాం. ముందు మెసేజ్ పెట్టకుండా ఎవరూ ఎవరింటి బెల్లూ కొట్టకూడదు. ఇప్పటికీ బెల్లు మోగితే నాకు గుండె ఒక్కసారి ఆగినట్టే ఉంటుంది.

ఒకసారి అలా ఫోన్లు ఆగిపోయిన రాత్రి నలుగురం పిల్లలతో సహా టెక్సస్ ఆవిడ ఇంట్లోనే పడుకున్నాం. కారు చప్పుడైతే చాలు, అందరం కిటికీ వైపు చూసేవాళ్లం. తెల్లవారుజామున తను మెల్లగా అంది: "మా ఇంటికి రాకూడదని దండం పెట్టుకుంటున్నాను. అంటే ఇంకొకరింటికి వెళ్లమని కోరుకుంటున్నట్టే కదా." రాత్రంతా నేను లోలోపల సిగ్గుపడుతున్నది కూడా అదే. ఆ మాట అమ్మతో అనలేను, మా ఆయనతో ఎప్పటికీ అనలేను. ఆరోజు మా నలుగురి ఇళ్లకూ ఎవరూ రాలేదు. వేరే వీధిలో ఒకరింటికి వెళ్లారు. మేం వారం రోజులు వంతులేసుకుని ఆ ఇంటికి వంట చేసి పంపాం.

2011 ఫిబ్రవరిలో ఆంబెర్గ్‌లోని జర్మన్ ఆసుపత్రిలో నాకు పాప పుట్టింది. అమ్మకు వీసా సమయానికి రాలేదు, మా ఆయన అఫ్ఘానిస్థాన్‌లో ఉన్నారు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నది టెక్సస్ ఆవిడే. మూడు వారాలకు మా ఆయన పదిహేను రోజుల సెలవు మీద వచ్చి పాపను ఎత్తుకున్నారు. పాప ఇప్పటికీ ఆవిడను "పెద్దమ్మా" అనే పిలుస్తుంది. తెలుగులో ఆవిడకు తెలిసిన మొదటి మాట అదే.

ర్యాంకు గురించి మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆఫీసర్లకూ కింది ర్యాంకు సైనికులకూ మధ్య స్నేహాలకు ఆర్మీ హద్దులు పెడుతుంది, కానీ ఆ రూలు భార్యలకు వర్తించదు. మా ఆయన సార్జెంట్, టెక్సస్ ఆవిడ భర్త కెప్టెన్. మేం ఇళ్లలో ఆ మాటే ఎత్తలేదు.

అన్నీ నిలవలేదన్నది కూడా నిజమే. విల్సెక్‌లో దగ్గరైన పదిమందిలో ఈరోజుకూ మిగిలింది ఇద్దరు. రెండో ఆవిడది ఫిలిప్పీన్స్. 2014లో ఆవిడకు విడాకులయ్యాయి. విడాకులైతే ఆర్మీ కుటుంబాలకిచ్చే ఐడీ కార్డు తీసేసుకుంటారు. పెళ్లి ఇరవై ఏళ్లు, భర్త సర్వీసు ఇరవై ఏళ్లు, ఆ రెండూ కలిసి నడిచిన కాలం ఇరవై ఏళ్లు ఉంటేనే సౌకర్యాలన్నీ ఉంటాయి. ఆవిడకు తొమ్మిదేళ్లే. బేస్ గేటు దాటి లోపలికి రావాలన్నా ఎవరో ఒకరు వెంటబెట్టుకు రావాలి. "ఆర్మీ భార్య" అన్న పేరు పోగానే చాలామంది ఫోన్లు ఆపేశారు. అది నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. టెక్సస్ ఆవిడా నేనూ వంతులవారీగా రోజూ మాట్లాడాం, మొదటి మూడు నెలల ఇంటి అద్దె కలిసి కట్టాం.

2012లో విల్సెక్ వదిలాక టెక్సస్ ఆవిడా నేనూ వెళ్లినచోట్ల టైము ఎప్పుడూ కలవలేదు. ఒకరు కొరియాలో ఉంటే ఇంకొకరు వాషింగ్టన్ రాష్ట్రంలో. ఫోన్ కాల్ కుదరక వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోవడం అలవాటైంది. అంట్లు తోముతూ పెట్టిన ఐదు నిమిషాల మెసేజ్, వెనకాల నీళ్ల చప్పుడుతో సహా. జవాబు రెండు రోజులకు వచ్చినా ఎవరం పట్టించుకోం. పోయినేడాది ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి ఫారంలో భర్త పేరు కింద నా నంబర్ రాసింది. విమానమెక్కి వెళ్లాను.

మీకు పిల్లలుంటే వెళ్లిన మొదటి వారమే స్కూలు ఫారం చేతికొస్తుంది. ఆ గడి దగ్గర ఆగిపోకుండా పక్కింటికి వెళ్లి అడగండి. చలికాలంలో బయల్దేరుతున్నట్లయితే మందపాటి కోట్లు, బూట్లు ఓడలో వెళ్లే సామానులో వేయకండి. అది చేరడానికి నెలలు పట్టవచ్చు. విమానంలో మీతోనే తీసుకెళ్లండి. ఏ బేస్‌కు వెళ్తున్నారో చెబితే, అక్కడ నాకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కుంటాను.