తెలుగు కాథలిక్ మగవాళ్ళను నైట్స్ ఆఫ్ కొలంబస్‌లోకి ఎలా పిలవాలి?

టెక్సస్‌లోని మీ చర్చిలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నా, కాథలిక్ మగవాళ్ళ సేవా సంఘమైన ఈ నైట్స్‌లో చేరమంటే మగవాళ్ళు "చూద్దాం అన్నా" అని జారుకుంటున్నారని రాశారు. నేనూ అమెరికాలోనే ఒక కౌన్సిల్‌లో, అంటే నైట్స్ స్థానిక శాఖలో, కొన్నేళ్ళుగా ఉన్నాను. మనవాళ్ళను పిలిచే పని ఎక్కువగా నా మీదే పడుతుంది. నేను చూసినంతలో, ముందే ఫారం చేతిలో పెడితే ఎవరూ చేరరు. ముందు పనికి పిలవాలి.

తపస్సుకాలంలో శుక్రవారాలు చర్చిలో ఫిష్ ఫ్రై, అంటే వేయించిన చేపల భోజనం, పెడతారు కదా. "ఈ వారం చేపలు వేయించడానికి మనిషి తక్కువయ్యాడు, ఐదింటికి రాగలరా?" అని అడగండి. మనవాళ్ళు సాధారణంగా కాదనరు. నూనె మూకుడు దగ్గర రెండు గంటలు కలిసి నిలబడితే మిగతా సభ్యులతో పరిచయం దానంతటదే అవుతుంది. పూజ చివర మైకులో అనౌన్స్ చేయించడం మాత్రం దండగ. అది తనకే చెప్తున్నారని ఎవరూ అనుకోరు.

ఇక అనుమానాలు. మొదటిది ఇన్సూరెన్స్. ఇండియన్ స్టోర్‌లో నవ్వుతూ పలకరించి, రెండో కాఫీకల్లా "బిజినెస్ ఆపర్చునిటీ" అనేవాళ్ళతో మనవాళ్ళు విసిగిపోయి ఉన్నారు. ఇదీ అదేనేమో అని భయం. అందుకే నేను దాచను. సంస్థ సభ్యులకు ఇన్సూరెన్స్ అమ్ముతుంది, ఏజెంటు ఫోన్ చేయొచ్చు, కొనాలన్న నిబంధన మాత్రం లేదు అని ముందే చెప్తాను. అసలు అది ఎందుకు మొదలైందో కూడా చెప్తాను. 1882లో కనెటికట్‌లోని న్యూహేవెన్‌లో, సెయింట్ మేరీస్ చర్చిలో ఫాదర్ మైకేల్ మెక్‌గివ్నీ ఈ సంఘాన్ని పెట్టారు. సంపాదించే మగమనిషి పోతే భార్యాపిల్లలు రోడ్డున పడే వలస కుటుంబాలు ఆయన చుట్టూ ఎన్నో ఉండేవి. ఆయన కూడా 38 ఏళ్ళకే, 1890లో పోయారు. 2020లో చర్చి ఆయన్ను ధన్యుడిగా ప్రకటించింది. ఒక్క జీతం మీద, హెచ్‌1బీ మీద ఇల్లు నడిపేవాడికి ఈ కథ వేరే వివరించక్కర్లేదు.

రెండోది, "ఇదేమైనా రహస్య సంఘమా, ఫ్రీమేసన్‌ల లాంటిదా?" అని. ఫ్రీమేసన్‌లలో చేరడాన్ని చర్చి నిషేధించింది, ఇది చర్చి లోపలిదే. చేరే కార్యక్రమం ఒకప్పుడు సభ్యుల మధ్యే జరిగేది. 2020 నుంచి కుటుంబం ముందే చేసే వీలుంది. కాబట్టి భార్యనూ పిలవండి. మన ఇళ్ళలో వీకెండ్ ఎలా గడవాలో తేల్చేది ఆవిడే! కత్తులు, టోపీల ఫొటోలు చూసి బెదిరితే, అది నాలుగో డిగ్రీ, అంటే సభ్యత్వంలో పై మెట్టు సంగతి, ఇప్పుడే అక్కర్లేదని చెప్పండి.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. మన ప్రార్థన కూటాల్లో బాప్టిస్టులు, లూథరన్లు, సీఎస్ఐ వాళ్ళు కలిసే ఉంటారు. సభ్యత్వం 18 నిండిన, రోము చర్చితో ఐక్యంగా ఉన్న కాథలిక్ మగవాళ్ళకే. మిగతావాళ్ళు ఫిష్ ఫ్రైకి సాయం రావచ్చు గానీ చేరడం కుదరదని మొదట్లోనే నెమ్మదిగా చెప్పకపోతే తర్వాత మనసులు నొచ్చుకుంటాయి.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాణ్ణి, రాత్రిళ్ళు ఆఫ్‌షోర్ కాల్స్‌లో ఉండేవాణ్ణి వెంటపడకండి. వచ్చే ఏడాది అడగొచ్చు. సరే అన్నవాడు ఆన్‌లైన్‌లో చేరితే, మీ కౌన్సిల్‌లోకి మార్పించమని, సభ్యుల రికార్డులు చూసే ఫైనాన్షియల్ సెక్రటరీకి ఆ వారమే చెప్పండి.