బీఏ చదువుకు మామిడితోట తనఖా పెట్టవచ్చా?

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మూడెకరాల తోతాపురి తోటే మాకు ఆధారం. మా అమ్మాయి ఇంటర్ హెచ్‌ఈసీ పూర్తి చేసింది. బెంగళూరులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్, సోషియాలజీలతో మూడేళ్ల బీఏ చదువుతానంటోంది. హాస్టలుతో కలిపి ఏడాదికి 4 లక్షలు అవుతుంది. 12 లక్షల విద్యారుణానికి బ్యాంకువారు తోట తనఖా పెట్టమంటున్నారు. ఈ చదువుతో ఆ అప్పు తీరుతుందా? సంతకం చేయమంటారా?

జవాబు: అమ్మాయి ఎంచుకున్న సబ్జెక్టులను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ ఈ అప్పు మీద, ముఖ్యంగా తోట తనఖా మీద, సంతకం చేయవద్దనే నా సలహా.

వడ్డీ 10 శాతం అనుకొని లెక్క వేద్దాం. చదివే మూడేళ్లు, ఆ తరువాత ఒక ఏడాది మీరు వాయిదా కట్టనక్కర లేదు గానీ, వడ్డీ మాత్రం మొదటి విడత డబ్బు విడుదలైన నాటి నుంచే పెరుగుతూ ఉంటుంది. ఏటా 4 లక్షల చొప్పున తీసుకుంటే, వాయిదాలు మొదలయ్యేనాటికి వడ్డీయే సుమారు 3.6 లక్షలై, అసలుతో కలిసి 15.6 లక్షలవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 20,600 రూపాయలు, పదిహేనేళ్లలో తీర్చాలంటే సుమారు 16,800 రూపాయలు కట్టాలి. పదిహేనేళ్ల పద్ధతిలో మీరు మొత్తం కట్టేది 30 లక్షలు దాటుతుంది. నేను చూసినంతలో, బీఏ ఒక్కటే చేతిలో ఉన్నవారి తొలి జీతం తరచుగా ఈ వాయిదాకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. గది అద్దె, భోజనం పోను వాయిదాకు మిగిలేది చాలా తక్కువ.

అంతకన్నా ముఖ్యమైన చిక్కు కాలానికి సంబంధించినది. ఇంజినీరింగ్ విద్యార్థికి నాలుగేళ్ల తరువాత సంపాదన మొదలయ్యే అవకాశం ఉంది. సామాజిక శాస్త్రాల్లో మంచి ఉద్యోగాలు ఎక్కువగా పీజీ తరువాతే వస్తాయి: అధ్యాపక వృత్తి, పరిశోధన సంస్థలు, ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ వంటివన్నీ పీజీ అడిగేవే. అంటే అమ్మాయి ఎంఏ చదువుతుండగానే బ్యాంకు వాయిదా అడుగుతుంది. పైచదువుకు వెళితే కొన్ని బ్యాంకులు గడువు పొడిగిస్తాయి, కానీ ఆ కాలానికీ వడ్డీ తప్పదు. ఈ రుణంలో మీరూ సహ రుణగ్రహీతే కాబట్టి, వాయిదాలు తప్పితే, అప్పులు సరిగా తీరుస్తారో లేదో బ్యాంకులు చూసుకునే మీ సిబిల్ స్కోరు దెబ్బతిని, రేపు మీరు పంట రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డు రావచ్చు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది మీ ఇల్లు ఎలా గడుస్తుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

అందుకే అప్పు అవసరమైతే దాన్ని పీజీ కోసం దాచి ఉంచి, డిగ్రీని తక్కువ ఖర్చుతో పూర్తి చేయించండి. తిరుపతిలో టీటీడీ నడిపే శ్రీ పద్మావతి మహిళా డిగ్రీ కళాశాల, చిత్తూరులో పీవీకేఎన్ ప్రభుత్వ కళాశాల మీకు అందుబాటులో ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష అయిన సీయూఈటీ బాగా రాయగలిగితే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రాల్లో అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏకూ ప్రయత్నించవచ్చు. గ్రూప్స్ పరీక్షలకు గుర్తింపు పొందిన ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. ఖరీదైన పట్టాకు అక్కడ అదనపు విలువేమీ ఉండదు. పీజీ తరువాత జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే, 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, దానిపై ఇంటి అద్దె భత్యం వస్తాయి. అందరికీ అది రాదు. కానీ గురి పెట్టదగినదే.

ఒక లోటును మాత్రం ఇప్పుడే పూడ్చాలి. హెచ్‌ఈసీలో గణితం లేదు, ఎంఏ ఎకనామిక్స్‌లో గణితం, గణాంక శాస్త్రం లేకుండా నిలబడటం కష్టం. డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఆ రెండింటినీ, ఎక్సెల్‌లో సర్వే సమాచారాన్ని విశ్లేషించడాన్ని నేర్చుకోవాలి. ఫీజుల మీద మిగిలే డబ్బులో కొంత దీనికి పెట్టండి.

అమ్మాయి బెంగళూరే కావాలని పట్టుబడితే కోపగించుకోకుండా రెండు విషయాలు ఆమెతో కలిసి కనుక్కోండి. మొదటిది, ఆ విశ్వవిద్యాలయం కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకమైన పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందా? ఉంటే తనఖా, హామీ లేకుండానే రుణం ఇవ్వాలి. కుటుంబ ఆదాయం ఏటా 8 లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పులేవీ పొందకుండా ఉంటే, 10 లక్షల వరకు రుణానికి వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. మిమ్మల్ని తోట అడిగారంటే జాబితాలో లేకపోయే అవకాశమే ఎక్కువ. రెండవది, గత మూడేళ్లలో బీఏ పూర్తి చేసినవారిలో ఎందరికి, ఎంత జీతానికి ఉద్యోగాలు వచ్చాయో రాతపూర్వకంగా అడగండి. విశ్వవిద్యాలయం మొత్తానికి చెప్పే సగటు జీతంలో ఇంజినీరింగ్, ఎంబీఏ వారి జీతాలూ కలిసి ఉంటాయి కనుక అది మీకు పనికిరాదు. ఆ జవాబు చేతికి అందేవరకు పట్టాదారు పాస్‌బుక్ బ్యాంకుకు ఇవ్వకండి, సీటు కోసం అడ్వాన్సూ కట్టకండి.