చివరి నాలుగు నిమిషాల కోసం

చిరంజీవి చిన్నాకు,

మావయ్య ఆశీస్సులు.

బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి మూడు నాలుగు బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం) చేస్తున్నా చివరి నాలుగు నిమిషాలు కోచ్ నిన్ను బెంచి మీదే కూర్చోబెడుతున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పి బాధపడింది. నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. కోచ్‌కి నీ మీద కోపమేమీ లేదురా. అవతలి గార్డు (బంతి నడిపే చురుకైన ఆటగాడు) స్క్రీన్ పెట్టించుకుని, అంటే తనవాడొకణ్ణి అడ్డం నిలబెట్టించుకుని, నిన్ను రింగ్ దగ్గర్నుంచి బయటికి లాగుతున్నాడు. అక్కడికొచ్చాక నీ కాళ్లు కదలట్లేదు. అంతే జరుగుతోంది. ఇది నేర్చుకుంటే వచ్చే పనే, కాబట్టి టెన్షన్ పడకు.

మేం ఆడిన రోజుల్లో పొడుగువాడికి ఒకటే పని, రింగ్ కింద కాపలా. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఆడిన ముటోంబో బ్లాక్ చేసి చూపుడువేలు ఊపడం టీవీలో చూసి, మర్నాడు గ్రౌండ్‌లో మేమూ అలాగే ఊపేవాళ్లం. కోచ్‌నయ్యాక కూడా చాలా ఏళ్లు పొడుగు పిల్లలకి ‘పెయింట్ (రింగ్ ముందు రంగు వేసిన చోటు) దాటి రావద్దు’ అనే చెప్పాను. ఒక కుర్రాడు, అచ్చం నీ అంత ఎత్తు, సెలక్షన్స్‌లో దూరపు గీత బయట నుంచి త్రీలు, అంటే మూడు పాయింట్ల షాట్లు, వేసే సెంటర్ (మామూలుగా రింగ్ దగ్గరాడే పొడుగువాడు) ఎదురయ్యేసరికి ఎక్కడ నిలబడాలో తెలియక మధ్యలోనే ఆగిపోయాడు. నేను నేర్పనిది వాడికెలా వస్తుంది? ఆ రోజు వాడి ముఖం నేనింకా మర్చిపోలేదు. నీకు ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నది అందుకే.

ముందు ఆట ఎలా మారిందో చూడు. ఎన్‌బీఏలో 2001-02 నుంచి జోన్ డిఫెన్స్‌కి (మనిషిని కాకుండా చోటుని కాయడానికి) ఒప్పుకున్నారు కానీ, ఎవర్నీ దగ్గరగా కాయకుండా డిఫెండర్ మూడు సెకన్లకు మించి పెయింట్‌లో ఉండకూడదని రూలు పెట్టారు. మీ హైస్కూల్లో ఆ రూలు లేదు, ఇక్కడ మనం ఆడే అంతర్జాతీయ రూల్స్‌లోనూ లేదు. లేదు కదా అని అక్కడే పాతుకుపోకు. నిన్ను బయటికి లాగుతున్నది రూలు కాదు, త్రీ. 2000-01లో ఎన్‌బీఏ టీమ్ ఒక్కోటి మ్యాచ్‌కి సుమారు 14 త్రీలు వేసేది. 2024-25కి అది 37 దాటింది. వందకి 35 పడ్డా 105 పాయింట్లు. అదే మధ్యదూరం షాట్లు వందకి 40 పడితే 80 పాయింట్లే. ఈ లెక్క తెలిసినవాడెవడూ తన సెంటర్‌ని ఊరికే రింగ్ కింద నిలబెట్టడు. గీత బయట నిలబెట్టి త్రీ వేయిస్తాడు, వాడితోపాటు నువ్వూ బయటికి రావాల్సిందే.

2021 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో క్లిప్పర్స్, జాజ్ టీమ్‌ల ఆరో మ్యాచ్ వీలైతే మొత్తం చూడు. జాజ్ సెంటర్ రూడీ గొబేర్ ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ డిఫెండర్. క్లిప్పర్స్ పొట్టి టీమ్‌ని దింపి అయిదుగురినీ గీత బయట పరిచారు. గార్డు లోపలికి దూసుకొస్తే గొబేర్ రింగ్ దగ్గరికి వెళ్లాలి, వెళ్తే మూలన టెరెన్స్ మాన్ ఖాళీ. ఆ రాత్రి మాన్ 39 పాయింట్లు కొట్టాడు, అందులో త్రీలే ఏడు. 25 పాయింట్లు వెనకబడ్డ టీమ్ గెలిచేసింది. తప్పంతా గొబేర్‌దే అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను. ముందు గార్డులు తమ మనిషిని వదిలేస్తే వెనక ఒక్కడు రెండు చోట్ల ఎలా ఉంటాడు? అయినా ఆ మ్యాచ్ చూస్తే ఇప్పటి సెంటర్ పనేమిటో అర్థమవుతుంది. ఎప్పుడూ ఇద్దరి మధ్య ఉండాలి, ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలో బంతి కదలకముందే తెలిసి ఉండాలి.

ఇక కాళ్ల సంగతి. 2016 ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్ మనకి సోమవారం తెల్లవారుజామున వచ్చింది. కాఫీ చల్లారిపోయినా కదలకుండా చూశాను. నిమిషం కూడా లేదు, క్లీవ్‌లాండ్ 92-89తో ముందుంది. స్విచ్ అయి, అంటే డిఫెండర్లు తాము కాసేవాళ్లని మార్చుకుని, అవతలి టీమ్‌లో త్రీలకి పేరున్న కర్రీ ముందుకి క్లీవ్‌లాండ్ పొడుగువాడు కెవిన్ లవ్ వచ్చాడు. లవ్‌కి డిఫెన్స్‌లో పెద్ద పేరేం లేదు. కర్రీ ఎటు తిప్పినా లవ్ మోకాళ్లు వంచి, చేయి పైకెత్తి, చిన్న చిన్న అడుగులతో వెంటే ఉన్నాడు. బ్లాక్ చేయలేదు, బంతి లాక్కోలేదు. కర్రీ కష్టపడి వేసిన త్రీ పడలేదు. నా దృష్టిలో ఆ ఒక్క డిఫెన్స్ పది బ్లాకుల పెట్టు. నువ్వు చేయాల్సిందీ అదే, ఎదుటివాడితో కష్టమైన షాట్ వేయించడం.

నీ వీడియోలో చూశాను, బయటికొచ్చాక నిటారుగా నిలబడుతున్నావు. పొడుగువాళ్లందరికీ ఉన్న అలవాటే. నడుము దించి, డ్రిబుల్ చేసేవాడి తల కంటే నీ తల కిందుండేలా చూసుకో. రోజూ ప్రాక్టీస్ అయ్యాక మీ టీమ్‌లో అందరికంటే చురుకైన గార్డుని బతిమాలైనా సరే ఆపు. గీత దగ్గర మొదలుపెట్టి, వాడు నాలుగు డ్రిబుల్స్‌లో షాట్ వేయాలి. ఇరవైసార్లు. వారంపాటు వాడు నిన్ను దాటి పోతూనే ఉంటాడు, పోనీ. తర్వాత రింగ్ కింద నుంచి మూలకి పరుగు. మొదటి అడుగులు పొడుగ్గా వేయి, దగ్గరికొచ్చాక పొట్టి అడుగులు, చేయి పైకి. ఎగరొద్దు. నువ్వు ఎగిరిన ప్రతిసారీ వాళ్లు షాట్ వేస్తున్నట్టు ఫేక్ చేసి పక్కనుంచి పోతున్నారు.

ప్రతిసారీ స్విచ్ అవ్వాలని కూడా లేదు. ఎన్‌బీఏ టీమ్ మిల్వాకీలో సెంటర్ బ్రూక్ లోపెజ్ స్క్రీన్ దగ్గరికి రాకుండా వెనక్కి తగ్గి, మధ్యదూరం షాట్‌ని వదిలేసి, రింగ్‌ని కాసేవాడు. 2021లో ఆ టీమ్ కప్పు గెలిచింది. అవతలి గార్డుకి త్రీ రాకపోతే నువ్వూ అలాగే తగ్గు. వస్తే మాత్రం పైకి రా. ఎవరికి వస్తుందో మ్యాచ్‌కి ముందే కనుక్కో.

స్కోరు కూడా చూసుకోవాలి. 2024 మేలో డాలస్, మినెసోటా రెండో మ్యాచ్ చూసే ఉంటావు. మినెసోటా రెండు పాయింట్లు ముందుంది. అప్పటికి మినెసోటాలో ఉన్న గొబేర్ మీద డాలస్ ఆటగాడు లూకా డాన్చిచ్ వెనక్కి అడుగేసి త్రీ కొట్టాడు, 109-108, మూడు సెకన్లే మిగిలాయి. అలాంటప్పుడు లోపలికి పోయి రెండు కొట్టినా స్కోరు సమానమే అవుతుంది, త్రీ పడితే ఓడిపోతాం. కాబట్టి గీత మీదే అతుక్కోవాలి, డ్రైవ్‌కి దారిచ్చినా ఫర్వాలేదు.

నోరు విప్పడం గురించి మీ అమ్మకి కూడా చెప్పాను, నువ్వు చిన్నప్పట్నుంచీ మాట తక్కువ. కోర్టులో అది కుదరదురా. అందరికంటే వెనక నిలబడేది నువ్వు, ఆటంతా నీకే కనిపిస్తుంది. ‘కుడివైపు స్క్రీన్’, ‘స్విచ్’, ‘నేనున్నా’ అని గట్టిగా, స్క్రీన్ రాకముందే అరవాలి. ఎన్‌బీఏలో డ్రేమండ్ గ్రీన్ ఆరడుగుల ఆరంగుళాలే, నీకంటే అంగుళం తక్కువ. 2017లో ఉత్తమ డిఫెండర్ అయ్యాడు. అతను ఆడుతుంటే బంతిని వదిలేసి అతని నోరు, చేతులే చూడు.

ఎన్‌బీఏ సెంటర్ వెంబన్యామాలా ఆడాలని ఉందని రాశావు. మొదటి ఏడాదే లీగ్‌లో అందరికంటే ఎక్కువ బ్లాకులు చేసినవాడు, చూసి ఆనందించు. కానీ ఆ చేతులు వేరు, అతను ఆలస్యంగా వచ్చినా అందుకుంటాడు. నువ్వు ముందే వచ్చి ఉండాలి.

ఈసారి వీడియో తీసే స్నేహితుడికి ఫోన్‌ని బంతి వెంట తిప్పొద్దని చెప్పు. రింగ్ వెనక నిలబడి, నీ కాళ్లు కనిపించేలా చివరి క్వార్టర్ మొత్తం తీయమను. నువ్వు బెంచి మీదున్న నిమిషాలు కూడా తీయమను, నీ బదులు వచ్చినవాడు ఎక్కడ నిలబడుతున్నాడో నాకు చూడాలనుంది. ఆదివారం పొద్దున కాల్ చేస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య