సాఫ్ట్‌వేర్ వదిలి హెల్ప్‌లైన్ ఉద్యోగంలో చేరతానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మాది హనుమకొండ. మా పాప న్యూజెర్సీలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చివరి సెమిస్టర్‌లో ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి 42 లక్షల లోన్ తీసుకున్నాం. అక్కడ మన ఆడవాళ్లకి సాయం చేసే ఒక సంస్థకి ఏడాదిగా శని, ఆదివారాలు వాలంటీర్‌గా వెళ్తోంది. ఇప్పుడు వాళ్లే ఏడాదికి 58 వేల డాలర్ల జీతం ఇస్తామన్నారట, చేరతానంటోంది. తర్వాత పబ్లిక్ పాలసీలో ఇంకో మాస్టర్స్ కూడా చేస్తుందట. మా వారు రెండు వారాలుగా దానితో మాట్లాడటం లేదు. ఈ ఉద్యోగానికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికీ పోల్చి, ఏది మంచిదో చెప్పండి.

జవాబు: అమ్మా, పోల్చి చెప్తాను. దానికంటే ముందు ఒక మాట. మీరు రాసింది రెండుసార్లు చదివాను. జీతం ఎంతో ఉంది, లోన్ ఎంతో ఉంది, ఇల్లు తాకట్టులో ఉన్న సంగతి ఉంది, మీ వారి కోపం ఉంది. సెలవు రోజులు వదులుకుని ఏడాది పాటు ఆ పిల్ల అక్కడికెళ్లి ఏం చేసిందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీరు అడిగి ఉండరు.

ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. లా చదివిన అబ్బాయి వలసదారుల హక్కుల సంస్థలో చేరతానన్నా, ఎంబీఏ చేసిన అమ్మాయి గల్ఫ్ కార్మికుల కోసం పనిచేస్తానన్నా తల్లిదండ్రులు అడిగేది జీతాల పోలికే, లోపలి దిగులు మాత్రం వేరే. అంత ఖర్చు పెట్టి అమెరికా పంపిస్తే సమాజసేవ చేస్తోందట అని చుట్టాలు అంటే ఏం చెప్పాలి, రేపు సంబంధాలు చూసేటప్పుడు అమ్మాయి ఏం చేస్తోందంటే ఏమని చెప్పుకోవాలి. మీ దిగులు కూడా ఇదే అయితే దాని గురించే ముందు మాట్లాడుకుందాం.

మన వైపు అమెరికా సంఘం అనగానే తానా, ఆటా, నాట్స్ గుర్తొస్తాయి. వాటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది తమ ఉద్యోగమో వ్యాపారమో చూసుకుంటూ మిగిలిన టైమ్‌లో చేస్తారు. మీ పాప చెప్తున్న రకం సంస్థలు వేరు. అమెరికాలో దక్షిణాసియా ఆడవాళ్ల మీద హింస గురించి పనిచేయడానికి మొదటగా పుట్టిన సంస్థ మానవి, 1985లో ఆ న్యూజెర్సీలోనే మొదలైంది. న్యూయార్క్‌లో సఖి 1989లో వచ్చింది. కాలిఫోర్నియాలో మైత్రి, అట్లాంటాలో రక్ష, హ్యూస్టన్‌లో దయ ఉన్నాయి. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత తలపాగా చూసి సిక్కుల మీద దాడులు చేస్తుంటే సిఖ్ కొయలిషన్ పుట్టింది. అదే సమయంలో సియాటిల్‌లో ప్రమీలా జయపాల్ పెట్టిన సంస్థ తర్వాత వన్ అమెరికా అయింది, ఆవిడ 2016లో అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యారు. ఇలాంటి చోట్ల నెలజీతం మీద పనిచేసేవాళ్లు ఉంటారు. హెల్ప్‌లైన్ ఎత్తేవాళ్లు, కేసులు చూసేవాళ్లు, లాయర్లు, చట్టసభ సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరిగే పాలసీ వాళ్లు, అకౌంట్స్ వాళ్లు. డెవలప్‌మెంట్ అని ఒక విభాగం కూడా ఉంటుంది. మన పిల్లలు అది సాఫ్ట్‌వేర్ అనుకుంటారు కానీ అది విరాళాలు, గ్రాంట్లు తెచ్చే పని. మిగతా అందరి జీతాలూ వాళ్ల మీదే ఆధారపడి ఉంటాయి.

చాలా ఏళ్ల కిందట నా దగ్గరికి సలహాకి వచ్చిన ఒకమ్మాయి ఇప్పుడు అలాంటి చోట కేసులు చూస్తోంది. పేర్లు, ఊళ్లు లేకుండా ఒక ఫోన్ కాల్ గురించి చెప్పింది. అపార్ట్‌మెంట్ కింద బట్టలు ఉతుక్కునే గదిలోంచి ఒకావిడ తెలుగులో గుసగుసగా మాట్లాడుతోంది, వెనక డ్రయ్యర్ తిరుగుతున్న చప్పుడు. ఈ అమ్మాయి మొదట అడిగింది, అక్కా, ఇప్పుడు మాట్లాడటానికి ఇబ్బంది లేదు కదా అని. ఎవరైనా వస్తే ఏమనాలో కూడా ముందే అనుకున్నారు. మూడో నిమిషంలో ఆవిడ గొంతు మార్చి, చింతపండు నానబెట్టానమ్మా, మళ్లీ చేస్తా అని పెట్టేసింది. మళ్లీ ఫోన్ వచ్చేసరికి నాలుగు రోజులైంది, ఆ నాలుగు రోజులూ నాకు అన్నం సహించలేదు మేడమ్ అంది. ఆవిడ పాస్‌పోర్ట్ భర్త బీరువాలో ఉంది, బ్యాంకు ఖాతా ఆయన పేరు మీదే, వీసా కూడా ఆయన వీసాకి ముడిపడి ఉంది. అలాంటి మనిషికి ఏ చట్టం కింద ఏ కాగితం పెట్టొచ్చో, నేర బాధితుల్లో ఏడాదికి 10,000 మందికి మాత్రమే ఇచ్చే యూ వీసాకి ఆవిడ అర్హురాలో కాదో లాయర్ చూడాలి. కానీ ఆ చింతపండు మాట అర్థం చేసుకోవడానికి తెలుగు పిల్లే కావాలి. మీ పాప శని, ఆదివారాలు చేస్తున్నది ఇలాంటి పనే అయి ఉంటుంది.

2017లో కాన్సస్‌లో మన తెలుగు ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు మన ఇళ్లల్లో అందరం టీవీల ముందు కూర్చుని ఏడ్చాం. ఆయన భార్యకి భర్తతో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా పోయే పరిస్థితి వచ్చింది. అలాంటి రోజున కాగితాలు పట్టుకుని తిరిగే మనిషి ఒకరు ఉండాలని మనమే కోరుకుంటాం. ఆ మనిషి మన ఇంటి పిల్ల కాకూడదని కూడా మనమే అంటాం.

ఇక నా అనుమానాలు. పని మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇవి దాచను.

అన్నిటికంటే పెద్ద చిక్కు వీసాది, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. చదువయ్యాక ఓపీటీ, అంటే స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి, దాని మీద చేసే ఉద్యోగం చదివిన సబ్జెక్టుకి నేరుగా సంబంధించింది అయి ఉండాలి. కంప్యూటర్ సైన్స్ చదివి హెల్ప్‌లైన్ కౌన్సెలర్‌గా చేరితే అది కుదరదు. అదే సంస్థలో కేసుల డేటాబేస్, వెబ్‌సైట్, డేటా రిపోర్టుల పని అయితే కుదురుతుంది. బాధితుల పేర్లు, అడ్రస్‌లు బయటికి పొక్కకుండా కాపాడాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ఆ సంస్థల మీద ఉంటుంది, ఆ పని తెలిసినవాళ్లు చిన్న సంస్థలకి దొరకడం కష్టం. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఏ పని రాశారో ముందు అడగండి. మొదటి ఏడాది తర్వాత సైన్స్, టెక్నాలజీ చదివినవాళ్లకి ఇచ్చే 24 నెలల స్టెమ్ పొడిగింపు కావాలంటే సంస్థ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో ఉండాలి, ఐ-983 అనే ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం పెట్టాలి. ఈ-వెరిఫైలో చేరడానికి ఫీజేమీ లేదు, అయినా చాలా చిన్న సంస్థలు చేరి ఉండవు, ఎందుకంటే అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కువగా అక్కడే పుట్టినవాళ్లో గ్రీన్ కార్డు ఉన్నవాళ్లో. వీసా మీద ఉన్న ఉద్యోగి మీ పాప ఒక్కతే కావచ్చు, డైరెక్టర్‌కి ఈ కాగితాల గురించి ఏమీ తెలియకపోవచ్చు.

నాన్‌ప్రాఫిట్ (లాభాపేక్ష లేని సంస్థ) అయితే ఉద్యోగ వీసా హెచ్-1బికి లాటరీ ఉండదు అని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటుంటారు. ఆ మినహాయింపు యూనివర్సిటీలకీ, వాటికి అనుబంధంగా ఉన్న సంస్థలకీ, పరిశోధన సంస్థలకీ ఉంటుంది. మామూలు కమ్యూనిటీ సంస్థ కూడా అందరితో పాటు లాటరీలో నిలబడాల్సిందే. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజు, అమెరికాలోనే ఉండి వీసా స్టేటస్ మార్చుకునేవాళ్లకి వర్తించదని తర్వాత అధికారులు చెప్పారు. కానీ ఒకసారి వెనక్కి వచ్చేస్తే అంత ఫీజు కట్టి పిలిపించుకునే స్తోమత ఇలాంటి సంస్థలకి ఉండదు.

రెండోది గ్రాంట్లు. ఇలాంటి సంస్థల్లో చాలావాటికి 1984 నాటి నేర బాధితుల చట్టం కింద డబ్బు వస్తుంది. ఆ నిధిలోకి ప్రధానంగా నేరస్తుల దగ్గర వసూలు చేసిన జరిమానాలు చేరతాయి, అవి తగ్గితే ఈ సంస్థల్లో ఉద్యోగాలు పోతాయి. సంస్థ ఆర్థిక పరిస్థితి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్రతి ఏడాదీ వాళ్లు దాఖలు చేసే ఫారం 990 ఎవరైనా చూడొచ్చు, ప్రోపబ్లికా అనే వార్తా సంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొడితే చాలు, ఆదాయం, ఖర్చు, పై అధికారుల జీతాలు అన్నీ వస్తాయి. మూడేళ్లవి తీసి పక్కపక్కన పెట్టి చూడమనండి.

మూడోది, ఆ రెండో మాస్టర్స్. దీని మీద నాకు నిజంగా కోపం ఉంది. పబ్లిక్ పాలసీ, సోషల్ ఇంపాక్ట్ అని ఈ మధ్య పెద్ద ఫ్యాషన్ అయింది, యూనివర్సిటీల బ్రోచర్లలో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఆ చదువుకి అమెరికా పిల్లలు ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) లోన్ తీసుకుంటే, ప్రభుత్వంలోనో నాన్‌ప్రాఫిట్‌లోనో పనిచేస్తూ 120 వాయిదాలు కట్టాక మిగిలింది మాఫీ అయ్యే పథకం వాళ్లకుంది. మన బ్యాంకు లోన్‌కి అలాంటిదేం లేదు. ఆ కోర్సు చేసి, ఇదే జీతం ఉన్న ఉద్యోగంలోకి ఇంకో అప్పు నెత్తిన పెట్టుకుని వచ్చిన పిల్లల్ని నేను చూశాను. హెల్ప్‌లైన్ పనికి కావాల్సింది ఆ డిగ్రీ కాదు, చాలా రాష్ట్రాల్లో 40 గంటల శిక్షణ. మీ పాప అది ఈపాటికి చేసే ఉంటుంది. రెండో మాస్టర్స్ మాత్రం వద్దని నా మాటగా చెప్పండి.

మీ వారు ధర్నాల గురించి భయపడుతుంటే అది ఉత్త భయం కాదు. 2025 నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్ల సోషల్ మీడియా కూడా చూస్తున్నారు. వీసా మీద ఉన్నన్నాళ్లూ మైకు పట్టుకునే పని పౌరులకి వదిలి, కేసుల పనో డేటా పనో చేసుకోవడం తెలివైన పని, అందులో చిన్నతనం ఏమీ లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే మీరు భయపడుతున్నంత లేదు. 42 లక్షలు, పదేళ్లు, పదిన్నర శాతం వడ్డీ అనుకుంటే నెలకు 57 వేల రూపాయల దాకా వాయిదా, అంటే ఆరేడు వందల డాలర్లు. 58 వేల జీతంలో పన్నులు పోను నెలకు నాలుగు వేల డాలర్ల పైన చేతికొస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఉంటే అద్దె, తిండి, వాయిదా అన్నీ సరిపోతాయి. ఇల్లు పోదు. సాఫ్ట్‌వేర్‌లో అయితే మొదటి రోజు నుంచే ఇంతకంటే ఎక్కువ రావచ్చు, లోన్ సగం టైమ్‌లో తీరిపోవచ్చు, కానీ అక్కడా లేఆఫ్ వస్తే ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదన్న గడువు అందరికీ ఒకటే.

నన్నే నిర్ణయం చెప్పమంటే, ఆ సంస్థలో డేటా పని దొరికి, వాళ్లు ఈ-వెరిఫైలో ఉంటే చేరమంటాను. లేదంటే రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్ చేసి లోన్ తగ్గించుకుంటూ శని, ఆదివారాలు ఇలాగే వెళ్లమంటాను. రెండు దారుల్లోనూ మీ అమ్మాయి చెడిపోదు. ఇరవై మూడేళ్ల పిల్ల, ఎవరో ఏడుస్తుంటే ఫోన్ పెట్టేయకుండా వినగలుగుతోంది, ఆ ఓపిక డబ్బు పెట్టి నేర్పించగలిగేది కాదు. అది మీ ఇంట్లోనే, మీ దగ్గరే నేర్చుకుని ఉంటుంది.

మీ వారికి ఇది చదివి వినిపించండి. అయ్యా, పరాయి ఆడపిల్లలు ఆపదలో ఉంటే ఫోన్ ఎత్తుతున్న కూతురి ఫోన్ మీరు రెండు వారాలుగా ఎత్తట్లేదు. ఇది తప్పు, గట్టిగానే చెప్తున్నాను. ఈ ఆదివారం మీరే చేయండి. జీతం మాట తర్వాత, ముందు నిన్న అక్కడ ఏం పని చేశావమ్మా అని అడగండి. వివరాలన్నీ చెప్పదు, చెప్పకూడదు కూడా, ఆ సంస్థలో నియమం అది. చెప్పినంత వరకు వినండి, ఆ తర్వాత ఆఫర్ లెటర్ వాట్సాప్‌లో పెట్టమనండి, అందులో ఉద్యోగం పేరు, ఈ-వెరిఫై సంగతి ఇద్దరూ కలిసి చూడండి.